దొంగ చమ్మా

ఎర్ర ఇసుక మేటల మీద యువరాజు జయధ్వజుడి అడుగుజాడలు రానురాను చిన్నవైపోతున్న సంగతి ముందుగా కనిపెట్టింది అతని నాయనమ్మ, తామ్రకోన రాజమాత మల్లమాంబ. ముసలితనం మీద పడినా నడుం వంగని మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చేతికర్ర పొడుచుకుంటూ మనవరాలి కంటే ముందే నడుస్తోంది. ఒకచోట టక్కున ఆగి కర్రతో నేల చూపించింది.

"ఇటు చూడవే కేతకీ. పొద్దున చూసిన జాడలో నా పాదం పెట్టినా ఇంకా చోటు మిగిలింది. ఇందులో నా పాదమే పట్టడం లేదు. వీడికిప్పుడు పదేళ్ళకు మించి ఉండవు."

రాజకుమారి కేతకి చూడలేదు. చూసినట్టు తల ఊపింది.

"నిన్న మీసం దువ్వుకుని ఏనుగెక్కినవాడు," అంది మల్లమాంబ. గొంతులో కోపమే తప్ప ఏడుపు లేదు. ఏడవడానికి ఆమెకు తీరిక లేదు.

జాడల పక్కనే ఇసుకలో ఏదో మెరిసింది. కేతకి వంగి తీసింది. అన్నగారి రాజముద్రిక. వేలికి వదులై జారిపోయి ఉంటుంది. అంతకుముందే దొరికిన కత్తీ నడికట్టూ ఆమె భుజానే వేలాడుతున్నాయి. ఆ మూడింటిలోనూ ఉంగరమే ఎక్కువ బరువనిపించింది ఆమెకు. పైట చెంగున ముడివేసుకుని గబగబా నడిచింది.

వాళ్ళు నడుస్తున్నది భూలోకంలోని ఏ దేశమూ కాదు. అష్టాచమ్మా పటం లోపల. కనుచూపు మేర ఇసుక, ఇసుక చివర బాటంత వెడల్పున తెల్లని సున్నపు గీత, ఆ గీతకు ఆవల మరో గడి. ఒక గడి ఎడారి, ఒక గడి అడవి, ఒక గడి నిండా నీళ్ళు. అన్నిటికీ నడుమన, ఏ దిక్కు నుంచి చూసినా కనబడేట్టు, లోపలి కోట. రాగి రేకులు తొడిగిన బురుజులు ఎండకు ధగధగలాడుతున్నాయి. ఒక్కో బురుజు చుట్టూ గవ్వల తోరణాలు, తోరణాల నడుమ నగారా మండపాలు, మండపాల మీద ఎగిరే పసుపుపచ్చ జెండాలు. ఆ కోట నడిగడిలో, కాయలు పండే చోట, పంట పీఠం మీద కూర్చున్నాడు గవ్వల సిద్ధుడు.

ఇంత ఉపద్రవానికీ మొదలు ఒక ఆచారం. తామ్రకోనలో పట్టాభిషేకానికి ముందురోజు కాబోయే రాజుతో తోబుట్టువులు ఒక ఆట అష్టాచమ్మా ఆడాలి, ఆడి ఓడిపోవాలి. ఓడినవాళ్ళు గెలిచినవాడి నుదుట తిలకం దిద్దితే, నీతో మాకు పోటీ లేదని నలుగురిలో చెప్పినట్టు. తల్లీ తండ్రీ లేని ఆ ఇంట జయధ్వజుడికి తోబుట్టువు కేతకి ఒక్కతే. ఆమెకు ఊహ తెలిసింది మొదలు గుర్రప్పందెంలో అన్నే ముందు, విలువిద్యలో అన్నే ముందు, చివరికి మామిడిపళ్ళ బుట్టలో పెద్ద పండు కూడా అన్నదే. ఇప్పుడు ఓడిపోవడం ఆచారమట. ఒక్కసారి గెలిచి, అందరూ నోరు వెళ్ళబెట్టాక నవ్వేసి తిలకం దిద్దుదాం అనుకుంది. అంతకు మించి పాడు ఆలోచన ఏదీ లేదు ఆ పిల్లకి.

ఆమె కాయకు నాలుగు గడుల ముందు, సరిగ్గా లోపలి కోట వాకిట, అన్న కాయ నిలబడి ఉంది. చమ్మా పడితే అది చచ్చినట్టే. గవ్వలు వేసింది. మూడు వెల్లకిలా పడ్డాయి, ఒకటి బోర్లా పడింది. అప్పుడే వీధిలో ఏనుగు గంటలు మోగాయి. అన్న కిటికీ వైపు తల తిప్పాడు. నాయనమ్మ తిలకపు పళ్ళెంలో గంధం కలుపుతోంది. కేతకి పావడా అంచు కాస్త జరిగింది. నాలుగో గవ్వ వెల్లకిలా తిరిగింది.

"చమ్మా," అంది కేతకి, అన్న కాయను చంపింది.

ఆ మాట పూర్తి కాకముందే పటం గీసిన రాతిపలక నోరు తెరిచింది. ఆ గవ్వలను పట్టాభిషేకపు కానుకగా తెచ్చి ఇచ్చిన ముసలి వర్తకుడు నిజానికి ఎవరో అప్పుడు తెలిసింది. జడల నిండా గవ్వలు గుచ్చుకున్న సిద్ధుడు పలకలోంచి లేచి, పకపకా నవ్వుతూ జయధ్వజుణ్ణి లోపలికి లాక్కుపోయాడు. మల్లమాంబ గవ్వలు ఏరి రొండిన దోపుకుని, కర్ర పుచ్చుకుని పలకలోకి దూకింది. వెనకే కేతకి దూకింది.

పటం మొదటి గడిలో ఒక రాతి చిలుక వాళ్ళకు సంగతంతా చెప్పింది. ఇక్కడ చచ్చిన కాయ మనిషైతే వాడి వయసు కరిగిపోతుంది. కరిగిన వయసు సిద్ధుడి ఒంట్లో చేరుతుంది. కరిగి కరిగి పురిటిగుడ్డు అయి, ఆ తర్వాత ఏమీ లేకుండా పోతాడు. చచ్చినవాడు తన చేత్తో తాను గవ్వలు వేసి చమ్మాగానీ అష్టాగానీ తెచ్చుకుంటే మళ్ళీ లేస్తాడు. ఒక్క కాయనైనా చంపనివాళ్ళకు లోపలి కోట తలుపు తెరుచుకోదు. ఇంత చెప్పి, "ఎవరింట్లో ఎలా ఆడతారో ఇక్కడా వాళ్ళకదే చట్టం," అంది చిలుక.

ఆ ఆఖరి మాట తన గురించే అన్నట్టు అనిపించింది కేతకికి. వాళ్ళింట్లో ఆట నేర్పింది నాయనమ్మే. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. దొంగ పందెం వేసినవాడు తనంతట తాను, ఇంటి పెద్ద వినేట్టు ఒప్పేసుకుంటే, చచ్చిన కాయ చచ్చిన గడిలోనే లేచి నిలబడుతుంది. ఒప్పుకున్నవాడి కాయ చస్తుంది. అంటే కేతకి నోరు విప్పి ఒక్క ముక్క చెబితే అన్న బతుకుతాడు, ఆమె కరగడం మొదలవుతుంది. చిలుక ముందే చెబుదామనుకుంది. ఎడారిలో అడుగు పెట్టాక చెబుదామనుకుంది. ప్రాణభయం సగం, నాయనమ్మ ముఖం ఎలా చూడాలన్న బెంగ సగం. కోటలోకి పోయి అన్న చేతికి గవ్వలిచ్చి చమ్మా వేయిస్తే ఇక చెప్పాల్సిన పనే ఉండదు కదా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ ఇసుకలో అన్న పాదం చిన్నదవుతూనే ఉంది, తనమీద తనకు అసహ్యం పెరుగుతూనే ఉంది.

"గీత దగ్గరపడింది. పందెం వేస్తున్నా, నా నడుం పట్టుకో," అంది మల్లమాంబ.

గవ్వలు రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడ్డాయి. సుడిగాలి లేచింది. ఇద్దర్నీ చుట్టి పైకెత్తి, సున్నపు గీతలు రెండు దాటించి, ధబాలున కిందికి వదిలేసింది.

పడింది తెప్పలంతేసి తామరాకుల మీద. అటు చూసినా నీరే, ఇటు చూసినా నీరే. అద్దంలాంటి ఆ నీటి మీద వెండి రేకుల తామరలు, వాటి నడుమ పచ్చల దుద్దుల్లాంటి కాయలు, కాయ కాయకూ ఒక నీలిపిట్ట. పిట్టలన్నీ ఒకే శ్రుతిలో కూస్తుంటే సరస్సంతా వీణ మీటినట్టుంది. ఆకు మీంచి ఆకు మీదికి గెంతుకుంటూ పోతే ఎదుటి ఒడ్డునే కోట వాకిలి. 

"నాయనమ్మా," అంది కేతకి. ఆ చల్లటి గాలికి ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. "నీకో మాట చెప్పాలి."

చెప్పేలోగా పిట్టలన్నీ ఒక్కసారి నోరు మూశాయి. ఆకుల కింద నీరు నల్లబడింది. పడవంత మొసలి ఒకటి వీపు తేల్చి, కేతకి నిలబడ్డ ఆకును ముక్కుతో ఎగరేసింది. ఆమె గాలిలో ఒక పల్టీ కొట్టి మొసలి వీపు మీదే పడింది. అది ఒళ్ళు విదిలించి నోరు తెరిచి వెనక్కి తిరిగేసరికి, పక్క ఆకు మీంచి మల్లమాంబ దాని మెడ మీదికి దూకి, చేతికర్రను నిలువునా దాని దవడల మధ్య దిగేసింది. మూయబోతే కర్ర అంగిట్లో గుచ్చుకుంది. మొసలి నోరు తెరుచుకునే సరస్సంతా గిరగిరా ఈదింది. ఒడ్డు పక్కగా పోయినప్పుడు కేతకి నాయనమ్మ చెయ్యి పట్టి లాగి గట్టు మీదికి దూకింది.

మల్లమాంబ గట్టు మీద చతికిలబడి రొప్పింది. తడిసిన కొంగు పిండుకుంటూ, "కర్ర పోయింది. మీ తాత కోసి ఇచ్చిన కర్ర," అంది. తర్వాత కేతకి తల నిమిరింది. "పోతే పోయిందిలే. నీకు నిన్న చమ్మా పడబట్టి సరిపోయింది తల్లీ. అది పడకపోతే మనలో ఒక్కరికైనా ఆ కోటలోకి దారి ఉండేది కాదు. అదీ వాడి అదృష్టమే. ఇంతకీ ఏదో చెప్పాలన్నావు?"

కేతకి భుజాన వేలాడే కత్తి సర్దుకుంది. "ఏం లేదు. ఆకలేస్తోంది," అంది.

ఆమె ఆ రోజు ఆడిన అబద్ధాలలో అది చిన్నదే. అయినా అదే ఎక్కువ సిగ్గుపడేలా చేసింది.

కోట వాకిలి ముందు లక్క పూసిన కొయ్యభటుల దండు కాపలా ఉంది. ఎర్ర ముఖాలు, గీసిన మీసాలు, చేతుల్లో ఈటెలు. పోరాడి దాటే సంఖ్య కాదు. మల్లమాంబ గట్టు మట్టి ముఖానికి పూసుకుంది, తామరకాడలు జడలో చుట్టుకుంది, కొంగు తలమీదుగా కప్పింది. కేతకి కత్తిని తుంగగడ్డి మోపులో దాచి నెత్తికెత్తింది. రాజమాత సోదమ్మ అయిపోయింది, రాజకుమారి సోదమ్మ వెంట గడ్డిమోపు మోసే పిల్ల అయింది.

"జరిగింది చెబుతా, జరగబోయేది చెబుతా," అని రాగం తీస్తూ నేరుగా దళపతి ముందుకు పోయి చెయ్యి లాక్కుంది మల్లమాంబ. 

"కొయ్య చెయ్యమ్మా అది. గీతలు లేవు," అన్నాడు దళపతి బిడియంగా.

"గీతల్లేని చెయ్యంటే మాటలా నాయనా? నీ రాత నువ్వే రాసుకోవచ్చు," అందామె. కళ్ళు మూసుకుని పలవరించినట్టు గొంతు మార్చింది. "అయ్యో, ఇదేమిటి? ఇక్కడ ఎవరో తప్పు చేశారు. చేసి కప్పిపుచ్చుకున్నారు. మంచివాళ్ళలా మన మధ్యనే నిలబడ్డారు. చెప్పేస్తే పోతుంది నాయనలారా, దాచుకుంటే ఎవరికోసమైతే దాచారో వాళ్ళనే తినేస్తుంది."

నాయనమ్మ ఆ మాటలు భటుల్ని బెదరగొట్టడానికి అంటోందని కేతకికి తెలుసు. తెలిసినా గడ్డిమోపును ముఖం కనబడకుండా ముందుకు లాక్కుంది.

"పహారాలో నేను కునుకు తీశాను," అన్నాడు ఒక భటుడు నేల చూపులు చూస్తూ.

"వీడి మీసం రంగు కాస్త గోకి నేను పూసుకున్నాను," అన్నాడు ఇంకొకడు.

"అందుకా నా మీసం పలచబడింది," అని మూడోవాడు వాడి మీదికి లేచాడు. దళపతి మధ్యలోకి వచ్చి, పోయిన వర్షాకాలం వాన వస్తే దండును వదిలేసి తానొక్కడే చూరు కిందికి పరిగెత్తిన మాట తనే ఒప్పుకున్నాడు. అంతే, దండంతా గోల. ప్రాణం లేని కొయ్యలు కూడా ఇంత సులువుగా చెప్పేస్తున్నాయే, నా నోటికేం వచ్చిందని కేతకి తనను తాను తిట్టుకుంది. ఆ గోలలో ఇద్దరూ వాకిలి చేరారు.

తలుపు నిలువెత్తు రాగి తలుపు. దాని నడుమన ఒక ముఖం, ముఖానికి మూసిన కళ్ళు. అలికిడికి కళ్ళు తెరవకుండానే అడిగింది. "లోపలికి వచ్చేవారి చేతిలో చచ్చిందెవరు?"

మల్లమాంబ పక్కకు తప్పుకుని కేతకిని ముందుకు తోసింది. 

"మా అన్న," అంది కేతకి.

తలుపు కిర్రుమని తెరుచుకుంది. మల్లమాంబ రొండి నుంచి గవ్వలు తీసి మనవరాలి చెంగున కట్టింది. "వాడి చేత వేయించు. భయపడకు. నేనీ గోడ పక్కనే ఉంటాను, పిలిస్తే పలుకుతాను," అంది. తలుపు ఇద్దరి మధ్యా మూసుకుంది.

లోపల పగడపు స్తంభాలు, స్తంభాల మీద దీపాలకు బదులు మెరిసే ముత్యపు చిప్పలు, నేలంతా గవ్వలు పరిచిన ముగ్గు. కేతకి కత్తి దూసి పరిగెత్తింది. నడిగడిలో పంట పీఠం మీద నిగనిగలాడే యువకుడొకడు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. జడల్లో గవ్వలు చూస్తే తప్ప అతనే నిన్నటి ముసలి సిద్ధుడని తెలియదు. పీఠం కింద యువరాజు పట్టు అంగవస్త్రం కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప కదిలింది. అందులోంచి బోసినోటి పసివాడు ఒకడు కాళ్ళు విదిలించాడు.

కేతకి కత్తి పక్కన పడేసి వాణ్ణి ఎత్తుకుంది. కుడి చెవి వెనక పుట్టుమచ్చ. అన్నే. గవ్వలు తీసి ఆ అరచేతిలో పెట్టింది. పసివాడు వేళ్ళు ముడవలేకపోయాడు. గవ్వలు జారిపోయాయి. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారాయి. ఒకదాన్ని నోట్లో పెట్టుకోబోతే లాక్కుంది. పొద్దున అతని పాదం తన పాదమంత ఉంది. పొద్దున చెప్పి ఉంటే, కనీసం సరస్సు దగ్గర చెప్పి ఉంటే.

"ఆలస్యం చేశావు రాకుమారీ," అన్నాడు సిద్ధుడు మర్యాదగా. "నీ మీద నాకేం కోపం లేదు. నా గవ్వలతో నిజం పందెం పడినంత కాలం అవి ఉత్త గవ్వలే. దొంగ పందెం పడితేనే పటం తెరుచుకుంటుంది. ఎన్నో ఇళ్ళకు పంచాను వాటిని. ఎక్కడా నన్ను నిరాశపరచలేదు. ఏ ఇంట చూసినా ఒకరు దొంగాట ఆడేవారే. రా, నీ కాయ పండింది. ఈ పీఠం ఎక్కితే నేరుగా మీ అంతఃపురంలో లేస్తావు. సింహాసనం ఖాళీగానే ఉంది."

కేతకి పసివాణ్ణి గుండెకు అదుముకుంది. "నేను ఒప్పుకుంటాను," అంది.

సిద్ధుడి నవ్వు కాస్త తగ్గింది. "ఒప్పుకో. మీ ఇంటి పెద్ద వినాలి కదా?" చిటికె వేశాడు. 

బురుజుల మీద నగారాలన్నీ ఒక్కసారిగా మోగాయి. స్తంభాలు అదిరాయి, పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు, ఆ ఏడుపు కూడా వినబడలేదు. కేతకి గవ్వలు చెంగున ముడేసి, పసివాణ్ణి పైటతో వీపున కట్టుకుని, కత్తి అందుకుని బురుజు మెట్లెక్కింది. మొదటి నగారా చర్మం నిలువునా చీల్చింది. నగారా వాయిస్తున్నవాడి తల మీంచి దూకి రెండోదాన్ని పొడిచింది. గోడ మీద పరిగెత్తి పక్క బురుజు, అక్కణ్ణుంచి ఇంకో బురుజు. వాకిలి పైన ఏనుగంత నగారా ఒక్కటే మిగిలింది. కత్తి ఎత్తేసరికి సిద్ధుడు కింద నుంచి గవ్వ ఒకటి విసిరాడు. ఆమె చేతిలో కత్తి తోటకూర కాడై వాలిపోయింది.

కేతకి కాడ పారేసి, చెంగు ముడి నుంచి అన్న ఉంగరం లాగింది. ఉంగరం అంచుతో ఆ చర్మం మీద బలమంతా పెట్టి గీసింది. చర్మం పర్రున చినిగింది. కోటంతా నిశ్శబ్దమైపోయింది.

ఆమె గోడ మీంచి వంగి చూసింది. దూరంగా కొయ్యభటులు ఇంకా మీసాల దగ్గరే కొట్టుకుంటున్నారు. వాకిలి పక్కన నాయనమ్మ తల పైకెత్తి నిలబడి ఉంది. 

"నాయనమ్మా, వింటున్నావా?"

"వింటున్నానే. పిల్లాడేడీ?"

"నాకు చమ్మా పడలేదు." కేతకి గోడ మీంచి ఇంకాస్త వంగింది. "మూడే పడింది. నాలుగో గవ్వను పావడా అంచుతో నేనే తిప్పాను. గెలవాలని తిప్పాను. అన్నను సిద్ధుడు ఎత్తుకుపోలేదు నాయనమ్మా, నేనే పంపాను. నిన్నటి నుంచీ నీ వెనకాలే నడుస్తూ కూడా చెప్పలేదు."

మల్లమాంబ గోడకు మరింత దగ్గరగా వచ్చింది. మట్టి పూసుకున్న ఆ ముఖం మీద ఏముందో అంత ఎత్తు నుంచి కేతకికి కనబడలేదు. "విన్నాను," అంది మల్లమాంబ.

ఆ మాటకు కోట గోడలు కంపించాయి. కేతకి వీపున బరువు మాయమైంది. కింద వాకిటి గడిలో, మీసంతో సహా, యువరాజు జయధ్వజుడు లేచి నిలబడ్డాడు. లోపల పంట పీఠం మీద సిద్ధుడు వెర్రికేక పెట్టాడు. అతని నల్లని జడలు కుదుళ్ళ నుంచి తెల్లబడుతున్నాయి. పోయిన వయసు కోసం అతను ఆబగా చేతులు చాచేసరికి, కేతకి వయసు కట్ట తెగినట్టు కరగడం మొదలైంది. గోడ అంచు ఆమెకు ఎత్తైపోయింది. గాజులు మోచేతుల మీదుగా జారిపోయాయి. విలువిద్య మరిచిపోయింది, గుర్రం పేరు మరిచిపోయింది. కాలు పట్టు తప్పి గోడ మీంచి జారింది. జయధ్వజుడు చేతులు చాచి పట్టుకున్నాడు. అతని చేతుల్లో పడింది నాలుగేళ్ళ పిల్ల.

నేల మీద దింపగానే ఆ పాదాలు అక్కడే అతుక్కుపోయాయి. జయధ్వజుడు ఎత్తబోయాడు, కదల్లేదు. సిద్ధుడు లాక్కుపోతే తప్ప చచ్చిన కాయ గడి దాటలేదు. చమ్మాకో అష్టాకో కాచుకోవాల్సిందే. వెనక రాగి తలుపు తెరుచుకుంటున్న చప్పుడు. సిద్ధుడి కేకకు కొయ్యభటులు తగవు మాని ఈటెలు ఎత్తారు. 

"నాయనమ్మా, నేనూ చెప్పాలి," అన్నాడు జయధ్వజుడు తల వంచుకుని. "దాని పావడా అంచు గవ్వ వైపు కదలబోవడం నేను చూశాను. చూసే కిటికీ వైపు తిరిగాను. ఎప్పుడూ నేనే గెలుస్తున్నాను కదా, ఒక్కసారి దాన్ని గెలవనిద్దామని."

మల్లమాంబ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒకరు తిప్పారు, ఒకరు తల తిప్పుకున్నారు. నేను గంధం కలుపుకుంటూ కూర్చున్నాను," అంది. కూలబడి, మనవరాలి చెంగు ముడి విప్పి గవ్వలు బయటికి తీసింది. "వెయ్యి తల్లీ. ఆడదాం."

కేతకి గవ్వల్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎందుకు వెయ్యాలో ఆమెకు తెలియదు. గుండెల్లో ఏదో బరువు మాత్రం ఉంది. 

"నేనేం చేశానన్నయ్యా?" అని అడిగింది.

ఏం చెయ్యలేదని అనబోయి ఆగాడు జయధ్వజుడు. "చెబుతాను. అంతా చెబుతాను. ముందు పందెం వెయ్యి," అన్నాడు.

ఆమె గవ్వలు విసిరింది. ఒకటి వెల్లకిలా పడింది. రెండోది వెల్లకిలా. మూడోది వెల్లకిలా. నాలుగోది ఎగిరి, దొర్లి, కొస మీద నిలబడి గిరగిరా తిరగసాగింది. వయసుకు మించిన పెద్ద పావడా నేలంతా పరుచుకుని ఉంది, దాని అంచు గవ్వకు వేలెడు దూరంలో ఉంది. కొయ్యకాళ్ళ చప్పుడు దగ్గరపడింది. ఈటెల నీడలు గడిలోకి వచ్చాయి. జయధ్వజుడు తల తిప్పలేదు, గవ్వనే చూస్తున్నాడు. మల్లమాంబ కూడా గవ్వనే చూస్తోంది.

ఆ చిన్నపిల్ల, ఎందుకో తనకే తెలియకుండా, పావడా అంచును రెండు చేతులా దగ్గరికి లాక్కుని మోకాళ్ళ కింద పెట్టుకుని కూర్చుంది. గవ్వ ఇంకా తిరుగుతూనే ఉంది.